యాక్షన్ ఆర్పీజీలో క్యారెక్టర్ రూపం, నేల మీద పడే సామాను పేర్లు: రెండూ ఎలా సర్దుకోవాలి?

మీ ప్రశ్న చదివాను. రాజోలు దగ్గర మీ ఊరు, కొత్త లాప్‌టాప్, దాంట్లో డయాబ్లో 4, పాత్ ఆఫ్ ఎగ్జైల్. రెండూ యాక్షన్ ఆర్పీజీలే, అంటే రాక్షసుల్ని చంపుతూ, పడిన సామాను ఏరుకుని తొడుక్కుంటూ క్యారెక్టర్‌ని పెంచుకునే ఆటలు. మీరు చెప్పిన బాధలు రెండు. ఎక్కువ నంబర్లున్న సామాను తొడిగితే క్యారెక్టర్ చూడబుద్ధి కావడం లేదు, చూడముచ్చటగా ఉన్నది తొడిగితే రెండు దెబ్బలకే చచ్చిపోతోంది. ఇది ఒకటి. ఒక గుంపును చంపగానే తెర నిండా పేర్లే, ఏది తియ్యాలో ఏది వదిలెయ్యాలో అంతు చిక్కడం లేదు. ఇది రెండోది.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. సామాను ఎప్పుడూ నంబర్లు చూసే తొడగండి. రూపాన్ని దాని మీద వేరేగా కప్పుకోవచ్చు. దీన్నే ట్రాన్స్‌మాగ్ అంటారు. డయాబ్లో 4లో ఆ పని ఊళ్లో ఉండే వార్డ్‌రోబ్ దగ్గర ఉచితంగా అయిపోతుంది. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో మాత్రం అందం అంటే చాలావరకు డబ్బుతో పనే. ఇక పేర్ల గొడవకి మందు ఐటమ్ ఫిల్టర్, అంటే ఏ సామాను పేరు చూపించాలో, ఏది దాచాలో ఆటకి చెప్పే నియమాల జాబితా. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌ని ఫిల్టర్ లేకుండా ఆడటం కళ్లకి శిక్ష. డయాబ్లో 4 ఫిల్టర్ లేకుండానే విడుదలైంది, అక్కడ పాటించాల్సిన అలవాటు వేరు, అది కింద చెప్తాను.

నేను భీమవరంలో గేమింగ్ సెంటర్ నడుపుతున్నానండి. అంతకుముందు అదే గది నెట్ సెంటర్. డయాబ్లో 2 వచ్చిన కాలం నుంచి ఈ రకం ఆటలు ఆడుతున్నాను, వచ్చే కుర్రాళ్లకి సెట్ చేసిపెడుతున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

డయాబ్లో 2 వచ్చింది 2000లో. అందులో తొడిగిందే కనిపించేది. కొమ్ముల టోపీ పెడితే కొమ్ములే. క్లాసు (యోధుడా, మాంత్రికుడా అన్న రకం) ఎంచుకుంటే ఆడా మగా కూడా అదే ఖాయం చేసేది. 2012లో డయాబ్లో 3 వచ్చినప్పుడు రంగులు వచ్చాయి, వాటిలో ఒకటి పూస్తే ఆ కవచం ముక్క కనిపించకుండా మాయమైపోయేది. ముసలి వేషంలో ఉన్న మా బార్బేరియన్ (కండల యోధుడి క్లాసు) మీద కుర్రాళ్లు ఆ రంగు వాడి, పైన ఏమీ లేకుండా కండలు చూపించుకుంటూ తిరిగేవాళ్లు! 2014 మార్చిలో రీపర్ ఆఫ్ సోల్స్ అనే ఎక్స్‌పాన్షన్ (ఆటకి అదనపు భాగం) వచ్చాకగానీ మిస్టిక్ అనే ఆవిడ దగ్గర ఒక వస్తువుకి ఇంకో వస్తువు రూపం వేసుకునే వీలు రాలేదు. అంటే ఈ సౌకర్యానికి పెద్ద వయసేమీ లేదు. మీరు ఆడే ఆట ఏ సంవత్సరానిదో చూసుకోండి. పాతది అయితే ఈ వీలు అసలు ఉండకపోవచ్చు, లేదా తర్వాత అప్‌డేట్‌లో వచ్చి ఉండొచ్చు. సైబర్‌పంక్ 2077 చూడండి, 2020 డిసెంబర్‌లో విడుదలైతే దుస్తుల వార్డ్‌రోబ్ వచ్చింది 2022 సెప్టెంబర్‌లో.

ఇప్పుడు డయాబ్లో 4. ఇక్కడ కొత్తవాళ్లందరికీ నేను చెప్పే మొదటి మాట: పనికిరాని సామాను అమ్మకండి, కమ్మరి దగ్గర కరిగించండి. ఏ వస్తువునైనా అలా కరిగించినప్పుడే (ఆటలో దీన్ని సాల్వేజ్ అంటారు) దాని రూపం మీ వార్డ్‌రోబ్‌లోకి చేరుతుంది. దుకాణంలో అమ్మేస్తే బంగారం వస్తుంది, రూపం మాత్రం రాదు. వస్తువు మీద కర్సర్ పెట్టి, వచ్చిన పెట్టెలో కింది లైన్ల దాకా చదవండి. కరిగిస్తే కొత్త రూపం వస్తుందని అక్కడ చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ లైను లేకపోతే ఆ రూపం మీకు ఇదివరకే వచ్చేసిందని అర్థం. పేరు తెల్లగా, నీలంగా కనిపించే తక్కువ రకాల్ని కూడా చిన్నచూపు చూడొద్దు. సాదాసీదా తోలు చొక్కా ఒక్కోసారి లెజెండరీ (అరుదైన మేలు రకం) కవచం కన్నా మనిషికి బాగా నప్పుతుంది. కాబట్టి మొదటి కొన్ని లెవెళ్లు దొరికిందల్లా ఎత్తుకోండి, సంచి నిండగానే కమ్మరి దగ్గరికి వెళ్లి ఒక్క బటన్‌తో అన్నీ కరిగించెయ్యండి. రూపాలు సరిపడా చేరాక లెజెండరీ, ఆపై వాటిని తప్ప ముట్టుకోవద్దు. నేను పైన అన్న అలవాటు ఇదే. అయితే కరిగించే బటన్ నొక్కే ముందు మీకు కావలసిన వాటికి గుర్తు పెట్టుకున్నారా లేదా చూసుకోవాలి. పోయింది తిరిగి రాదు.

వార్డ్‌రోబ్‌లో ఒక్కో చోటికి రూపం ఎంచుకుంటే, తర్వాత మీరు కవచం మార్చినా రూపం అలాగే ఉంటుంది. ఆయుధానికి మాత్రం రకం కలవాలి, గొడ్డలికి విల్లు రూపం వెయ్యలేం. టోపీ వద్దనుకుంటే అది కనిపించకుండా చేసుకోవచ్చు. నచ్చిన జతని సేవ్ చేసుకుని పెట్టుకోవచ్చు.

క్యారెక్టర్ తయారుచేసే దగ్గర జనం చేసే పని ఒకటి చెప్పాలి. మా మేనల్లుడు ఒకడున్నాడు. ముక్కు ఏది, కనుబొమ్మ ఏది అని సాయంత్రమంతా కూర్చుని ఎంచుకుంటాడు, ఆట మొదలయ్యాక మొహమంతా మూసేసే ఇనుప టోపీ పెట్టి ఇక తియ్యడు. ఈ ఆటల్లో కెమెరా ఆకాశంలో ఉంటుంది. మీకు రోజంతా కనిపించేది నడినెత్తి, భుజాలు, వీపు, చేతిలో ఆయుధం. మొహం కనిపించేది కథ నడిచే వీడియోల్లోనే. కాబట్టి శ్రద్ధ ఎక్కడ పెట్టాలో ఆ లెక్కన పెట్టండి: జుట్టు రంగు, ఛాతీ కవచం మీద భుజాల తీరు, వీపున తగిలించే వస్తువు, ఆయుధం. ఇవి నాలుగూ కుదిరితే మనిషి కుదిరినట్టే. డయాబ్లో 4లో మొదట ఎంచుకున్న ముఖం, ఒంటి తీరు మారవు. జుట్టు, మేకప్, నగలు, ఒంటి మీది గుర్తులు తర్వాత మార్చుకోవచ్చు. టెన్షన్ పడాల్సింది ఆ మొదటి రెండింటి గురించే.

ఒంటి రంగు విషయం. మనలాంటి చామనఛాయ మనిషిని చెయ్యాలని చాలామంది చూస్తారు, తప్పులేదు, నేనూ అదే చేస్తాను. కానీ ఆ మెనూలో మంట వెలుగో, నీలిరంగు వెలుతురో పడుతుంటుంది. అక్కడ సరిగ్గా ఉన్న రంగు బయట మంచులో బూడిద రంగులాగా, గుహలో నల్లటి ముద్దలాగా కనిపిస్తుంది. క్యారెక్టర్‌ని గుండ్రంగా తిప్పి, వెలుతురు పడని పక్క ఎలా ఉందో చూడండి. నీడలోనూ ముఖకవళికలు తెలుస్తున్న రంగే ఎంచుకోండి.

దుస్తుల రంగుల దగ్గరా ఇదే తంతు. ఒకే రంగు బట్ట మీద ఒకలా, తోలు మీద ఒకలా, ఇనుము మీద ఇంకోలా పడుతుంది. మా సెంటర్‌లో అందరికీ ఇష్టమైనది నిలువెల్లా నలుపు. మెనూలో అదిరిపోతుంది. నేలమాళిగలోకి దిగి చుట్టూ రాక్షసులు మూగాక తను ఎక్కడున్నాడో తనకే తెలియదు. తెలియకపోతే తప్పుకోలేడు, తప్పుకోకపోతే చస్తాడు. ఎక్కడో ఒకచోట, భుజం మీదనో జుట్టులోనో, ఒక్క లేత రంగు ఉంచండి. డయాబ్లో 4 సెట్టింగ్స్‌లో మీ క్యారెక్టర్ చుట్టూ గీత కనిపించేలా పెట్టుకునే వీలుంది, అదీ వాడండి. అందం కోసం నలుపే కావాలంటే ఆ గీత తప్పనిసరి.

పాత్ ఆఫ్ ఎగ్జైల్ సంగతి వేరు. 2013లో వచ్చిన ఈ ఆట ఉచితం, కంపెనీ బతికేది ప్రధానంగా స్కిన్లు (డబ్బిచ్చి కొనే రూపాలు), సామాను దాచుకునే ట్యాబుల మీద. క్లాసుతోపాటే ఆడా మగా ఖాయం, మొహం మార్చుకునే మెనూ అసలు లేదు. మీ సామాను అతుకులబొంతలా ఉంటే అలాగే ఉంటుంది. స్కిన్ కొంటే దాన్ని ఏ కవచం మీదైనా కప్పుకోవచ్చు. నా సలహా: కథ మొత్తం పూర్తిచేసేదాకా ఒక్క రూపాయి పెట్టొద్దు. మధ్యలో క్లాసు మార్చబుద్ధి అయితే అప్పుడేం చేస్తారు? కొనాలనిపిస్తే ముందు సామాను దాచుకునే ట్యాబుల మీద పెట్టండి, స్కిన్ల సంగతి తర్వాత. ఇంకో సంగతి, మంత్రాలకి వేసే మెరుపుల స్కిన్లు చూడ్డానికి బాగుంటాయిగానీ నేల మీద శత్రువు వేసిన విషాన్ని కప్పేస్తాయి.

ఎల్డెన్ రింగ్ ఆడతారేమో తెలియదు, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అందులో ట్రాన్స్‌మాగ్ లేదు, టోపీ దాచే సెట్టింగూ లేదు. అయినా బాధ తక్కువ. ఎందుకంటే మొత్తం బరువు మీ మోత సామర్థ్యంలో 70 శాతం దాటకుండా ఉంటే మామూలుగా దొర్లి తప్పుకోగలరు, అక్కడ ప్రాణం కాపాడేది ఆ దొర్లడమే. ఆ గీత లోపల నచ్చింది తొడగండి. మాన్‌స్టర్ హంటర్‌లో పైన వేరే కవచం రూపం కప్పుకోవచ్చు. విచర్ 3లో హీరో గడ్డం ఆడుతుండగా దానంతట అదే పెరుగుతుంది, మంగలి దగ్గరికి వెళ్లాలి. పని ఏమీ లేకపోయినా నాకు మహా ఇష్టం అది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, నేల మీది పేర్లు.

మన వైపు వాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చెరువు పట్టుబడి రోజున రొయ్యల్ని కౌంట్ ప్రకారం వేరుచేస్తారు కదా. 30 కౌంట్ అంటే కిలోకి 30, 100 కౌంట్ అంటే కిలోకి 100. కొనేవాడు ప్రతి రొయ్యనీ చేతిలోకి తీసుకుని చూడడు. ఏ కౌంట్‌కి ఏ ధరో ముందే తెలుసు, దాన్ని బట్టే ట్రేలు. ఫిల్టర్ చేసేదీ ఆ పనే. మీరు ముందే నియమం రాసిపెడతారు, నేల మీద పడేటప్పుడే ఆట వేరుచేసేస్తుంది.

ఎందుకు అంత అవసరమో పాత్ ఆఫ్ ఎగ్జైల్ సంచి చూస్తే తెలుస్తుంది. అడ్డంగా 12 గళ్లు, నిలువుగా 5, మొత్తం 60. ఒక ఛాతీ కవచం 6 గళ్లు ఆక్రమిస్తుంది. అది అడ్డంగా 2, నిలువుగా 3 గళ్లు కాబట్టి ఆరు కవచాలు ఎత్తుకుంటే ఏడోదానికి చోటుండదు, ఊరికి పరుగు. అదే కరెన్సీ అనే చిన్న వస్తువులకి ఒక్క గడి చాలు, ఒకే రకంవి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి కూడా. ఆ ఆటలో విలువంతా వాటిలోనే. కాబట్టి ఫిల్టర్ మొదటి పని మంచివాటిని మెరిపించడం కాదు, చెత్తని కనపడకుండా చెయ్యడం. ఇక్కడే చాలామంది తలకిందులుగా చేస్తారు. ప్రతిదానికీ ఒక రంగు, ఒక శబ్దం పెడతారు. చివరికి తెర ముందుకన్నా గందరగోళంగా తయారవుతుంది.

ఫిల్టర్ అనేది మామూలు టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. లోపల ముఖ్యంగా రెండు రకాల దిమ్మెలు: చూపించు, దాచు. ప్రతి దిమ్మెలో షరతులు రాస్తారు, వస్తువు తరగతి, అరుదుతనం, లెవెలు, ఎన్ని గళ్లు లాంటివి. కింద ఆ పేరు ఎలా కనిపించాలో రాస్తారు. అక్షరాల సైజు మామూలుగా 32, గరిష్ఠంగా 45. అక్షరాలకి, అంచుకి, వెనక పట్టీకి విడివిడిగా రంగులు. పడినప్పుడు శబ్దం, మినీమ్యాప్ (తెర మీది చిన్న పటం) మీద నక్షత్రమో త్రికోణమో గుర్తు. ఇవన్నీ ఆట చెప్పిన ఇంగ్లిష్ మాటలతోనే రాయాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫైలు లోడ్ కాదు. ఏ లైనులో తప్పుందో ఆటే చెప్తుంది.

ఆట ఫైలుని పైనుంచి కిందికి చదువుతుంది. వస్తువు ఏ దిమ్మెకి ముందు సరిపోతే అక్కడే ఆగిపోతుంది, కొనసాగించమని ప్రత్యేకంగా రాస్తే తప్ప. "నేను కరెన్సీకి ఎర్ర రంగు పెట్టాను, అయినా రావట్లేదు" అని వచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఇదే సమస్య. వాళ్ల నియమం ఫైలు అట్టడుగున ఉంటుంది, పైన ఇంకో నియమం ఆ వస్తువుని ముందే పట్టేసుకుంటుంది. మీ సొంత నియమాలు ఎప్పుడూ ఫైలు మొదట్లో పెట్టండి.

మొత్తం మీరే రాయనక్కర్లేదు. నెవర్‌సింక్ అనే పేరుతో ఒకాయన చేసిన ఫిల్టర్ ప్రపంచమంతా వాడతారు, ఫిల్టర్‌బ్లేడ్ అనే వెబ్‌సైట్లో రంగులు, శబ్దాలు మీకు నచ్చినట్టు మార్చుకుని దింపుకోవచ్చు. కాకపోతే దాంట్లో మెత్తనిది నుంచి కఠినమైనది దాకా స్థాయిలు ఉంటాయి. ఆ మధ్య తణుకు కుర్రాడొకడు "ఆట పాడైపోయింది, రాక్షసుల్ని చంపినా ఏమీ పడట్లేదు" అని లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. చూస్తే, యూట్యూబ్‌లో ఎవరో పెద్ద ఆటగాడు వాడే అతి కఠినమైన ఫిల్టర్ పెట్టుకున్నాడు. ఈ అబ్బాయి ఇంకా రెండో అంకంలో ఉన్నాడు. అతనికి కావలసిన మామూలు బూట్లు, కత్తులు అన్నీ పడుతూనే ఉన్నాయి, ఫిల్టర్ దాచేస్తోంది. ఆల్ట్ కీ నొక్కి పట్టుకోమన్నాను, నేలంతా పేర్లు! మీరూ మెత్తని స్థాయితో మొదలుపెట్టండి, కథ పూర్తయ్యి మ్యాప్‌లు (కథ తర్వాత వచ్చే కష్టమైన చోట్లు) ఆడటం మొదలయ్యాక ఒక్కో మెట్టు ఎక్కండి.

ఫైలు ఎక్కడ పెట్టాలి అన్నది ఇంకో తలనొప్పి. డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్, దాంట్లో ఆట పేరుతో ఉన్న ఫోల్డర్. కానీ కొత్త లాప్‌టాప్‌లలో తరచుగా వన్‌డ్రైవ్ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని తన కిందికి మార్చేసుకుని ఉంటుంది. అప్పుడు మీరు ఒకచోట పెడతారు, ఆట ఇంకోచోట వెతుకుతుంది. వెతుక్కోకుండా ఆట ఆప్షన్స్‌లోనే ఐటమ్ ఫిల్టర్ పక్కనున్న ఫోల్డర్ గుర్తు నొక్కండి, అది తెరిచిన చోటే పెట్టండి. ఫైలు మార్చాక పక్కనున్న రీలోడ్ బటన్ నొక్కితే చాలు, ఆట మూసి తెరవనక్కర్లేదు.

రంగుల గురించి ఒక హెచ్చరిక. ఒక ఆటలో రంగుకున్న అర్థం ఇంకో ఆటలో ఉండదు. డయాబ్లో, పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లలో నీలం అంటే తక్కువ రకం, పసుపు దానికన్నా మేలు. గ్రిమ్ డాన్ అని ఇదే రకం ఇంకో ఆట ఉంది, దాంట్లో పసుపే తక్కువ, ఆకుపచ్చ దానిపైన, నీలం ఇంకా పైన, ఊదా అన్నిటికన్నా పైన. డయాబ్లో అలవాటుతో వెళ్లినవాళ్లు అక్కడ నీలం సామాను వదిలేసి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. లాస్ట్ ఎపాక్‌లో ఊదా, నారింజ రంగులు మంచివి. ఆ ఆటలో ఫిల్టర్ లోపలే ఉంటుంది, టెక్స్ట్ ఫైలు గొడవ లేకుండా మెనూలోనే నియమాలు పేర్చుకోవచ్చు. ఫిల్టర్ అంటే ఏంటో నేర్చుకోవడానికి నా దృష్టిలో అదే మంచి ఆట.

ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియని మగవాళ్లు మనం అనుకునేదానికన్నా ఎక్కువ. మీకు గానీ మీ ఇంట్లో ఆడేవాళ్లకి గానీ ఆ ఇబ్బంది ఉంటే రంగు మీద ఆధారపడొద్దు. అక్షరాల సైజు, మినీమ్యాప్ ఆకారం, శబ్దం వాడండి. శబ్దం అయితే నిజంగా విలువైన రెండు మూడు రకాలకే పెట్టండి. ప్రతి పది సెకన్లకీ గంట మోగితే చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పైగా రాత్రి పన్నెండింటికి ఆ గంటకి ఇంట్లోవాళ్లు లేస్తే మీ ఆట అక్కడితో సరి.

మన ప్రాంతానికి సంబంధించి ఒక మాట. డయాబ్లో 4, పాత్ ఆఫ్ ఎగ్జైల్ రెండింటికీ ఆడినంతసేపూ నెట్ ఉండాల్సిందే. అక్టోబర్, నవంబర్ తుఫాన్లలో కోనసీమలో కరెంటు, కేబుల్ రెండూ ఎప్పుడు పోతాయో తెలియదు. ఆ రోజుల కోసం ఆఫ్‌లైన్‌లో నడిచేది ఒకటి ఉంచుకోండి: గ్రిమ్ డాన్, డయాబ్లో 2 రిసరెక్టెడ్, లాస్ట్ ఎపాక్ మూడింటినీ ఆఫ్‌లైన్‌లో ఆడొచ్చు. గ్రిమ్ డాన్ అన్నిటికన్నా తేలిక, పాత లాప్‌టాప్ మీద కూడా బాగానే పోతుంది. దాని ఆప్షన్స్‌లో తక్కువ రకం సామాను పేర్లు దాచే చిన్న ఫిల్టర్ ఉంది. 2017లో వచ్చిన ఆషెస్ ఆఫ్ మాల్మత్ ఎక్స్‌పాన్షన్ కొంటే రూపాలు మార్చే ఇల్యూజనిస్ట్ కూడా వస్తాడు. మీరడిగిన రెండు పనులూ అక్కడ నెట్ లేకుండానే అయిపోతాయి.

ఈ రాత్రికి చెయ్యాల్సింది మాత్రం ఇది. ఫిల్టర్ పెట్టాక దాన్ని పరీక్షించడానికి యుద్ధానికి వెళ్లొద్దు. ఊళ్లోనే నిలబడి సంచిలోంచి ఒక కరెన్సీ, ఒక తెల్ల సామాను, ఒక పసుపు సామాను నేల మీద వెయ్యండి. కరెన్సీ పేరు రెండు అడుగుల దూరం నుంచి చదవగలగాలి, పసుపుది మామూలుగా ఉండాలి, తెల్లది కనిపించకూడదు లేదా చిన్నగా ఉండాలి. అలా లేకపోతే ఆ స్క్రీన్‌షాట్, ఫైలులో పై ఇరవై లైన్లు ఇక్కడే పెట్టండి. ఏ నియమం ముందు పట్టేస్తోందో చూసి చెప్తాను.